తల ఊగితే మెదడు ఊగినట్టా?

మీరెప్పుడైనా పరుగెత్తే ఆటోలో కూర్చుని కాగితం మీద రాయడానికి ప్రయత్నించారా? జంషెడ్‌పూర్‌లో మేముండే సోనారి నుంచి బిష్టుపూర్‌కి షేరు ఆటోలు తిరుగుతుంటాయి. వాటిలో కూర్చుని మీ పేరు రాసి చూడండి. ప్రతి గతుకుకీ కలం ఎగిరిపడుతుంది. తలకట్టు ఒకచోట, కొమ్ము ఇంకోచోట, వత్తు పక్క గీత మీద పడతాయి. ఆ కాగితాన్ని, ఆటో సంగతి చెప్పకుండా, చేతిరాతను బట్టి స్వభావం చెబుతాననే పెద్దమనిషి చేతిలో పెట్టారనుకోండి. "ఈ అబ్బాయికి నిలకడ లేదు" అని తేల్చేస్తాడు. నిలకడ లేనిది అబ్బాయికి కాదు, ఆటోకి!

ఈ పొరపాటే ఇప్పుడు ఖరీదైన రూపంలో మన బడుల ముంగిటికి వస్తోంది. నుదుటికి కట్టుకునే ఒక పట్టీ, దానిలో రెండు మూడు లోహపు బిళ్ళలు, పక్కన ఒక తెర. పట్టీ కట్టుకున్నవారి మెదడు తరంగాలను పట్టి, వారి ఏకాగ్రత నూటికి ఎంతో అంకెల్లో చూపిస్తుందట. కొంతకాలం క్రితం మా సోనారిలో జరిగిన ఒక వైజ్ఞానిక ప్రదర్శనలో ఇలాంటి పట్టీని అమ్మజూపేవారు ఒక బల్ల పెట్టారు. పిల్లలు వరుసకట్టి కూర్చున్నారు. ఒక్కొక్కరికీ మూడేసి నిమిషాల పరీక్ష, చివర రంగురంగుల రిపోర్టు.

మర్నాడు సాయంత్రం కాగల్‌నగర్ నుంచి ఒక తండ్రి మా ఇంటికి వచ్చాడు. శ్రీకాకుళం వైపు నుంచి రెండు తరాల క్రితం ఇక్కడికి వచ్చిన కుటుంబం. రాత్రి షిఫ్టుకి వెళ్ళబోతూ దారిలో ఆగాడు. చేతిలో కూతురి రిపోర్టు ఉంది. "మాస్టారూ, మా పాపకి నూటికి 31 వచ్చింది. ఏకాగ్రత తక్కువ అని రాశారు. సైన్సు గ్రూపు ఆలోచన మానిపించమంటారా?" అని అడిగాడు. వెనకాల నిలబడ్డ అమ్మాయి మెల్లగా అంది: "కళ్ళజోడు జారిపోతూంటే సర్దుకున్నానండీ, అంతే."

ఆ మాట పట్టుకునే ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ పిల్లకి వచ్చిన 31 మార్కులు ఎవరివి? మెదడువా, కళ్ళజోడువా?

టార్చి సెల్లులో 30 వేలవ వంతు

ముందు అసలు సంకేతం ఎంత చిన్నదో చూద్దాం. మెదడు పైపొరలో లక్షలాది నాడీకణాలు ఒకే లయలో పనిచేసినప్పుడు వాటి విద్యుత్ ప్రభావాలు కలిసి నెత్తి చర్మం దాకా వస్తాయి. మధ్యలో ద్రవం, పొరలు, పుర్రె ఎముక, చర్మం అన్నీ దాటాలి. అందుకే పైకి వచ్చేసరికి మిగిలేది సాధారణంగా 10 నుంచి 100 మైక్రోవోల్టులు మాత్రమే. మీ టార్చిలో వేసే సెల్లు 1.5 వోల్టులు. దాన్ని 30 వేల సమాన భాగాలు చేస్తే ఒక భాగం 50 మైక్రోవోల్టులు అవుతుంది. మనం పట్టుకోవాలనుకునేది అంత సూక్ష్మమైనది. గుండె నుంచి ఛాతీ మీదికి వచ్చే విద్యుత్ సంకేతం సుమారు ఒక మిల్లీవోల్టు, అంటే దీనికి ఇరవై రెట్లు.

నెత్తి మీద ఎలక్ట్రోడులు పెట్టి ఈ సంకేతాన్ని గీతగా గీయించడాన్నే ఇ.ఇ.జి. అంటాం. గీతలోని తరంగాలను వాటి పౌనఃపున్యాన్ని బట్టి విడదీస్తారు. సెకనుకు 4 కంపనాల లోపు డెల్టా, 4 నుంచి 8 దాకా థీటా, 8 నుంచి 13 దాకా ఆల్ఫా, 13 నుంచి 30 దాకా బీటా, ఆపైన గామా. గాఢనిద్రలో డెల్టా, కళ్ళు మూసుకుని విశ్రాంతిగా ఉంటే ఆల్ఫా ప్రస్ఫుటంగా కనిపిస్తాయి. ఈ అంకెలు గుర్తుంచుకోండి. కాసేపట్లో వీటితో పని ఉంది.

బెర్గర్ పడ్డ అయిదేళ్ళ అనుమానం

మనిషి మెదడు తరంగాలను మొదట నమోదు చేసినవాడు జర్మనీలోని యేనా నగరానికి చెందిన మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్. అది 1924. అయితే ఆయన తన ఫలితాన్ని ప్రచురించింది 1929లో! ఈ అయిదేళ్ళు ఏం చేశాడు? తనను తాను అనుమానించుకున్నాడు. ఈ గీత గుండె కొట్టుకోవడం వల్ల వచ్చిందేమో, నెత్తి కింద రక్తనాళాల స్పందన వల్లనేమో, కండరాల వల్లనేమో, కళ్ళ కదలిక వల్లనేమో అని ఒక్కొక్క అనుమానాన్నీ తీర్చుకుంటూ వచ్చాడు. అయినా ప్రపంచం వెంటనే నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ స్వయంగా చేసి చూపించాకే శాస్త్రలోకం తల ఊపింది.

కథ అక్కడితో ఆగలేదు. 1970లో లిప్పోల్డ్ అనే శాస్త్రజ్ఞుడు ఆల్ఫా తరంగాలు అసలు మెదడువి కావని, కనుగుడ్లను తిప్పే కండరాల వణుకు వల్ల వస్తున్నాయని వాదించాడు. అప్పుడేం చేశారు? కనుగుడ్లే లేని వ్యక్తుల్లో ఇ.ఇ.జి. తీసి చూశారు. వారిలోనూ ఆల్ఫా కనిపించింది. ఆ వాదన వీగిపోయింది. గమనించారా! కనుగొన్న నలభై ఏళ్ళ తరవాత కూడా ఆల్ఫా తరంగం "నేను మెదడు నుంచే వచ్చాను" అని రుజువు చూపించుకోవలసి వచ్చింది. మన పట్టీ మాత్రం మూడు నిమిషాల్లో ఒక పిల్ల ఏకాగ్రతను తేల్చేసింది.

కదలిక ఎక్కడెక్కడ దూరుతుంది?

మొదటి దారి కన్ను. కనుగుడ్డు ఒక చిన్న బ్యాటరీ లాంటిది. ముందున్న కార్నియా ధనధ్రువం, వెనకున్న రెటీనా ఋణధ్రువం. కన్ను తిరిగితే ఈ బ్యాటరీ తిరుగుతుంది. రెప్ప వాలితే కార్నియా మీదుగా జారి ఆ విద్యుత్తును నుదుటి మీదికి చేరవేస్తుంది. ఒక్క రెప్పపాటుకు నుదుటి మీది ఎలక్ట్రోడులో 100 మైక్రోవోల్టులకు పైగా అల లేస్తుంది. మనం నిమిషానికి పదిహేను ఇరవై సార్లు రెప్ప వాలుస్తాం. నలభై నిమిషాల పీరియడులో అది 600 నుంచి 800 అలలు.

రెండో దారి కండరం. నుదురు ముడిచే కండరం, దవడ బిగించే కండరం, మెడ నిలబెట్టే కండరాలు అన్నీ విద్యుత్తును వెదజల్లుతాయి. వాటి పౌనఃపున్యం సుమారు 20 నుంచి 300 హెర్ట్జ్‌ల దాకా వ్యాపించి ఉంటుంది. అంటే బీటా, గామా తరంగాల ఇంట్లోనే కాపురం. 2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక సాహసమైన ప్రయోగాన్ని ప్రచురించారు. మెలకువగా ఉన్న స్వచ్ఛంద వ్యక్తులకు, వైద్యుల పర్యవేక్షణలో, కండరాలను తాత్కాలికంగా స్తంభింపజేసే మందు ఇచ్చి ఇ.ఇ.జి. తీశారు. మెదడు పనిచేస్తోంది, కండరాలు లేవు. అప్పుడు 20 హెర్ట్జ్‌ల పైన ఉన్న శక్తి చాలావరకు మాయమైంది. అంతకాలం నెత్తి మీద మెదడు పలుకుతోందనుకున్నదానిలో అధికభాగం కండరం పలుకే అన్నమాట.

మూడో దారి చర్మం, ఎలక్ట్రోడు కలిసే చోటు. లోహం ఉప్పునీటిని తాకితే అక్కడ విద్యుదావేశాల జంటపొర ఒకటి ఏర్పడుతుందని మీరు రసాయనశాస్త్రంలో చదివారు. చెమట ఉప్పునీరే. బిళ్ళ కొంచెం జారితే ఆ పొర చెదిరి వోల్టేజి మారుతుంది. అంతేకాదు, చర్మానికి దాని పైపొరకూ లోపలి పొరకూ మధ్య సుమారు 30 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. చర్మం సాగితే అది దాదాపు 5 మిల్లీవోల్టులు తగ్గుతుంది. 5 మిల్లీవోల్టులంటే 5000 మైక్రోవోల్టులు. 50 మైక్రోవోల్టుల మెదడు తరంగానికి అది నూరు రెట్లు! కళ్ళజోడు సర్దుకునేటప్పుడు పట్టీ కింద చర్మం ఎంత సాగిందో ఎవరు కొలిచారు?

నాలుగో దారి తీగ. తీగ ఊగితే చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రంలో దాని స్థానం మారి అనవసరపు సంకేతం పుడుతుంది. ఇంట్లో, బడిలో, కర్మాగారంలో ఎక్కడ చూసినా 50 హెర్ట్జ్‌ల కరెంటు ఉంది. ఒక ఎలక్ట్రోడు గట్టిగా అంటుకుని, ఇంకొకటి వదులుగా ఉంటే ఆ 50 హెర్ట్జ్‌ల రొద తేలిగ్గా లోపలికి వస్తుంది. ఆసుపత్రిలో అందుకే చర్మాన్ని రుద్ది శుభ్రం చేసి, జెల్లు పూసి, నిరోధాన్ని 5 కిలోఓముల లోపుకు తెస్తారు. జెల్లు లేని పొడి ఎలక్ట్రోడుల్లో అది వందల కిలోఓములు ఉండవచ్చు. ధరించే పరికరాల్లో పొడి ఎలక్ట్రోడులే ఎక్కువ, ఎందుకంటే తలకు జిగురు పూసుకుని ఎవరూ బడికి వెళ్ళరు.

మెదడు లేని జెల్లీ

ఇదంతా పుస్తకాల్లో భయపెట్టే మాటలనుకుంటే ఒక నిజమైన సంఘటన వినండి. కెనడాలో హామిల్టన్ నగరానికి చెందిన నాడీవైద్యుడు ఏడ్రియన్ అప్టన్ ఇంటెన్సివ్ కేర్ గదిలో ఒక నిమ్మరుచి జెల్లీ ముద్దకు ఇ.ఇ.జి. తీగలు తగిలించాడు. 1976లో ఆ వార్త పత్రికల్లో వచ్చింది. జెల్లీకి మెదడు లేదు. అయినా గీత చదునుగా రాలేదు. బతికున్న మనిషి గీతను పోలిన అలలు వచ్చాయి. పక్కనున్న కృత్రిమ శ్వాసయంత్రం, ఇతర పరికరాలు, గదిలో మనుషుల సందడి కలిసి జెల్లీ చేత "ఆలోచింప"జేశాయి.

అప్టన్ నవ్వించడానికి ఆ పని చేయలేదు. రోగి మెదడు పూర్తిగా ఆగిపోయిందా లేదా అని నిర్ణయించేటప్పుడు గీతను ఒంటరిగా నమ్మకూడదని చెప్పడానికి చేశాడు. జెల్లీ కదలకుండా బల్ల మీద కూర్చుని ఉంటేనే ఇంత జరిగింది. మరి కదిలే, నమిలే, నవ్వే, కళ్ళజోడు సర్దుకునే పిల్లల సంగతి?

భాగహారం చేసిన తమాషా

ఇప్పుడు ఏకాగ్రత అంకె ఎలా తయారవుతుందో చూద్దాం. ఎక్కువ కంపెనీలు తమ సూత్రాన్ని వ్యాపార రహస్యమంటాయి. కాని శాస్త్ర పత్రికల్లో బహిరంగంగా ఉన్న సూత్రం ఒకటుంది. 1995లో అమెరికాలోని నాసా లాంగ్లీ కేంద్రం పరిశోధకులు మనిషి పనిలో ఎంత నిమగ్నమయ్యాడో తెలుసుకోవడానికి ఒక సూచికను ప్రతిపాదించారు. బీటా శక్తిని, ఆల్ఫా థీటా శక్తుల మొత్తంతో భాగించాలి. బీటా పెరిగితే ధ్యాస పెరిగినట్టు, థీటా పెరిగితే తగ్గినట్టు.

లెక్క కోసం అంకెలు అనుకుందాం. బీటా 6, ఆల్ఫా 8, థీటా 4. సూచిక 6 బై 12, అంటే 0.5. ఇప్పుడొక కుర్రాడు దవడ బిగించాడు. కండరపు విద్యుత్తు బీటాలో పడి అది 18 అయింది. సూచిక 18 బై 12, అంటే 1.5. మూడు రెట్లు తెలివైనవాడైపోయాడు! పక్కనున్న అమ్మాయి రెప్పలు కొట్టి, పట్టీ కదిలించింది. ఈ నెమ్మది అలలు డెల్టా, థీటాల్లో పడతాయి. థీటా 16 అయింది. సూచిక 6 బై 24, అంటే 0.25. సగం మార్కులు పోయాయి. ఇద్దరి మెదళ్ళలోనూ ఏమీ మారలేదని గుర్తుంచుకోండి.

ఆ రోజు ప్రదర్శనలో ఎక్కువ మార్కులు వచ్చిన ఒక కుర్రాణ్ణి నేను చూశాను. పళ్ళు బిగబట్టి, కనుబొమలు ముడిచి, తెరను మింగేసేలా చూస్తున్నాడు. చుట్టూ అందరూ చప్పట్లు కొట్టారు. అతని ఏకాగ్రత గొప్పదే కావచ్చు, కాదనను. కాని పట్టీ కొలిచింది అదేనని చెప్పడానికి ఆధారం లేదు. పైగా పరికరాన్ని నుదుటి మీద పెట్టడం చూడండి. జుట్టు లేదు కనుక అమర్చడం సులువు. అయితే కళ్ళకు అంత దగ్గర, నుదుటి కండరానికి సరిగ్గా మీద. రొద వినకూడదనుకున్నవాడు వెళ్ళి సంతలో కూర్చున్నట్టుంది.

వడగట్టలేమా?

"మాస్టారూ, రొదను వడగట్టే సర్క్యూట్లు ఉంటాయి కదా?" అని మీలో ఎలక్ట్రానిక్స్ చదివేవారు అడుగుతారు. మంచి ప్రశ్న. 50 హెర్ట్జ్‌ల రొద ఒకే పౌనఃపున్యంలో ఉంటుంది కనుక దాన్ని వడగట్టవచ్చు. టీ పొడి గుట్టలో నిలుస్తుంది, టీ దిగుతుంది. కాని పాలలో నీళ్ళు కలిస్తే గుట్ట ఏం చేస్తుంది? మామూలుగా నడిచే మనిషి సెకనుకు ఇంచుమించు రెండు అడుగులు వేస్తాడు. ఆ కుదుపు 2 హెర్ట్జ్‌ల దగ్గర మొదలై దాని గుణిజాలైన 4, 6, 8, 10 హెర్ట్జ్‌ల దాకా పాకుతుంది. డెల్టా, థీటా, ఆల్ఫా మూడూ అందులో ఉన్నాయి. కండరం బీటాను ఆక్రమించింది. కదలికను పూర్తిగా వడగడితే దాంతోపాటు మెదడు తరంగమూ పోతుంది.

ఇంకో ఉపాయం ఉంది. గదిలో పదిమంది మాట్లాడుతుంటే పది మైకులు పెట్టి, ఒక్కొక్క గొంతునూ గణితంతో విడదీయవచ్చు. దీన్ని స్వతంత్ర అంశాల విశ్లేషణ అంటారు. 1990ల మధ్య నుంచి ఇ.ఇ.జి.లో వాడుతున్నారు. రెప్పపాటును వేరుచేయడంలో ఇది చక్కగా పనిచేస్తుంది. అయితే పది గొంతులు విడదీయాలంటే సుమారు పది మైకులైనా కావాలి. 2010లో అమెరికాలో గ్విన్, ఫెర్రిస్ మొదలైనవారు నడిచే, పరుగెత్తే మనుషుల ఇ.ఇ.జి.ని శుభ్రం చేసి చూపినప్పుడు తలమీద 248 ఎలక్ట్రోడులు పెట్టారు. రెండు మూడు బిళ్ళల పట్టీకి ఆ భాగ్యం లేదు.

పట్టీలో కదలికను కొలిచే చిన్న పరికరం ఒకటి పెట్టి, ఆ కొలతను బట్టి రొదను తీసివేయవచ్చు కదా అంటారా? కొంత సాయపడుతుంది. కాని తల ఎంత కదిలిందో తెలిసినా, ఒక్కొక్క బిళ్ళ కింద చర్మం ఎంత సాగిందో, చెమట ఎంత పట్టిందో దానికి తెలియదు. ఒకే కుదుపుకు ఒక బిళ్ళ ఒకలా, ఇంకోటి మరోలా స్పందిస్తుంది.

నడిచే మనిషి మెదడు

ఈ విషయంలో శాస్త్రజ్ఞుల మధ్యే వాదం ఉంది. వాదం ఎంత మర్యాదగా, ఎంత తెలివిగా సాగిందో మీరు తెలుసుకోవాలి. 2015లో మిచిగన్ విశ్వవిద్యాలయంలో క్లైన్, ఫెర్రిస్ బృందం ఒక గడుసు ప్రయోగం చేసింది. మనుషుల తలకు ముందు సిలికోన్ ఈతటోపీ తొడిగారు. అది విద్యుత్తును పోనివ్వదు, కాబట్టి మెదడు సంకేతం పైకి రాదు. దానిమీద విద్యుత్తు పారే కృత్రిమ నెత్తిని అమర్చి, దానిమీద ఎలక్ట్రోడులు పెట్టి ట్రెడ్‌మిల్లు మీద నడిపించారు. ఇప్పుడు వచ్చే గీతలో మెదడు వాటా సున్నా. వచ్చినదంతా కదలికే. ఆ కదలిక గీత మనిషిని బట్టి, నడక వేగాన్ని బట్టి, ఎలక్ట్రోడు చోటును బట్టి మారింది. శుభ్రం చేసే పద్ధతులు ప్రయోగించినా పూర్తిగా పోలేదు.

మరుసటి ఏడు, 2016లో, హ్యూస్టన్ విశ్వవిద్యాలయం నుంచి నాథన్, కాంట్రెరాస్ విడాల్ తమ ఫలితాలు ప్రచురించారు. తీగలను కదలకుండా కట్టి, మంచి ఎలక్ట్రోడులు జాగ్రత్తగా అమర్చి, నింపాదిగా నడిపిస్తే కదలిక రొద లెక్కలోకి రానంత తక్కువని వారన్నారు. ఎవరు నిజం? ఇద్దరి మాటా కలిపి చదివితే నాకు అర్థమయ్యేది ఒకటి. జాగ్రత్త ఎంతో ఫలితం అంత. ప్రయోగశాలలో గంటసేపు అమర్చిన టోపీకి వర్తించే మాట, బల్ల మీద క్షణంలో తగిలించిన పట్టీకి వర్తించదు. ఆ తరవాత ఫెర్రిస్ బృందమే రెండంతస్తుల ఎలక్ట్రోడులను ప్రయత్నించింది. ఒక వరుస నెత్తిని తాకుతుంది, దాని వీపుకు అంటుకున్న రెండో వరుస కదలికను మాత్రమే పట్టుకుంటుంది. మొదటిదానిలోంచి రెండోదాన్ని తీసివేస్తారు. తప్పును దాచకుండా, తప్పునే విడిగా కొలవడం! నాకు ఈ ఆలోచన ఎంతో నచ్చింది.

పట్టీ చెప్పిన తీర్పులు

అమ్మకపు బల్లలకు ఈ వినయం ఉండదు. 2019లో చైనాలోని జిన్‌హువా దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లల నుదుళ్ళకు బ్రెయిన్‌కో కంపెనీ పట్టీలు కట్టారు. నుదుటి మీద దీపం. ఏకాగ్రత ఉంటే ఎరుపు, లేకుంటే నీలం. ఆ వివరాలు ఉపాధ్యాయుడి కంప్యూటరుకూ, తల్లిదండ్రులకూ చేరేవి. ఆ దృశ్యాలు బయటికి రాగానే జనం మండిపడ్డారు. ఆ ఏడాది అక్టోబరు చివర స్థానిక విద్యాధికారులు వాడకం ఆపించారు. అందరూ పిల్లల గోప్యత గురించి అడిగారు, సరైనదే. కాని అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది: ఆ నీలం దీపం వెలిగింది పరధ్యానానికా, తల గోక్కున్నందుకా?

మనది ఉక్కు నగరం. మూడు షిఫ్టుల నగరం. ఆస్ట్రేలియాలో పుట్టిన స్మార్ట్‌క్యాప్ అనే టోపీ గనుల్లో భారీ వాహనాలు నడిపేవారి నిద్రమత్తును ఇ.ఇ.జి. ద్వారా పసిగట్టడానికి వాడకంలోకి వచ్చింది. ఉద్దేశం మంచిదే. రాత్రి షిఫ్టులో ఒక్క కునుకు ప్రాణం తీయవచ్చు. కాని అలాంటి టోపీలు ఇక్కడికీ వస్తే కార్మికులు అడగవలసిన ప్రశ్నలు ఉన్నాయి. బండి గతుకుల్లో పడినప్పుడు టోపీ ఏమంటుంది? మత్తులో ఉన్నవాణ్ణి "మెలకువ" అన్నా ప్రమాదమే, మెలకువగా ఉన్నవాణ్ణి "మత్తు" అన్నా అతని జీతానికి ప్రమాదమే.

ఇంకా పెద్ద తీర్పు న్యాయస్థానంలో వచ్చింది. నిందితుల తలకు ఎలక్ట్రోడులు పెట్టి, నేరం గురించిన వాక్యాలు వినిపించి, మెదడులో "అనుభవ జ్ఞాపకం" ఉందో లేదో చెబుతామనే పరీక్ష మన దేశంలో తయారైంది. 2008లో పుణెలో ఒక హత్యకేసులో దాని ఫలితాన్ని కూడా లెక్కలోకి తీసుకుని శిక్ష వేశారు. అదే ఏడాది బెంగుళూరు నిమ్‌హాన్స్ డైరెక్టరు నాయకత్వంలోని నిపుణుల సంఘం ఆ పద్ధతి శాస్త్రీయం కాదని తేల్చింది. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, వ్యక్తి అంగీకారం లేకుండా ఇలాంటి పరీక్షలు చేయడం రాజ్యాంగంలోని 20(3), 21 అధికరణాలకు విరుద్ధమని తీర్పు చెప్పింది. కోర్టు ప్రధానంగా చూసింది పౌరుడి హక్కును, కదలిక రొదను కాదు. అయినా మనకు ఒక పాఠం ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని మన సామెత. భుజం తడుముకోవడం ఒంటి కదలిక. భయపడ్డ అమాయకుడూ తడుముకుంటాడు. కండరం బిగిసిన మనిషిని చూసి "వీడి మెదడులో నేరం ఉంది" అనకుండా ఉండాలంటే, కండరం వాటా ఎంతో ముందు తేలాలి.

మేలు లేదా?

ఇదంతా చదివి ఇ.ఇ.జి. మోసమనుకుంటే అది ఇంకో తప్పు. మూర్ఛవ్యాధి నిర్ధారణలో, నిద్ర అధ్యయనంలో దానికి సాటి వచ్చేవి తక్కువ. ఇంటి దగ్గరే ఒకటి రెండు రోజులు ధరించే ఇ.ఇ.జి.తో, ఆసుపత్రికి వచ్చినప్పుడు కనిపించని మూర్ఛ సంకేతాలను పట్టుకుంటున్నారు. కాని అక్కడ ఎలా చదువుతారో చూడండి. టెక్నీషియను గీత పక్కన "దగ్గాడు", "నమిలాడు", "కళ్ళు తెరిచాడు" అని రాస్తూ పోతారు. వీలైతే వీడియో కూడా తీస్తారు. పళ్ళు తోముకునే లయ ఒక్కోసారి గీతలో మూర్ఛలా కనిపిస్తుందని అనుభవజ్ఞులకు తెలుసు. వారు గీతను మనిషితో కలిపి చదువుతారు. పట్టీ మనిషిని వదిలేసి గీతను చదువుతుంది. ఆపై గీతను కూడా దాచేసి అంకె ఒక్కటే చూపిస్తుంది.

నా ఫిర్యాదు అదే. పరికరం పొరపడటం నేరం కాదు, అన్నీ పొరపడతాయి. పొరపాటు ఎంతో చెప్పకపోవడం నేరం. రెప్పపాటును బట్టి నిద్రమత్తు చెప్పగలిగితే సంతోషం, రెప్పలు నిజంగానే ఆ సంగతి చెబుతాయి. అప్పుడు దాన్ని రెప్పల మీటరు అనండి. మనసు మీటరు అని అమ్మకండి.

మీరే పరీక్షించండి

మీ బడికి ఇలాంటి పట్టీ వస్తే భయపడకండి, వెక్కిరించకండి, పరీక్షించండి. బ్యాటరీతో నడిచే పరికరంతోనే చేయండి, గోడ ప్లగ్గుకు కలిపి ఉన్నప్పుడు వద్దు.

మొదట అంకె కాదు, ముడి గీత చూపించమనండి. చూపించలేకపోతే సగం సమాధానం దొరికినట్టే. రెండోది, కదలకుండా కూర్చుని కళ్ళు మూసి, తెరవండి. మూసినప్పుడు ఆల్ఫా పెరిగి, తెరిస్తే తగ్గాలి. ఆల్ఫా తల వెనక భాగంలో బలంగా ఉంటుంది కనుక నుదుటి పట్టీలో బలహీనంగా కనిపించవచ్చు. మూడోది, ఏమీ ఆలోచించకుండా దవడ బిగించండి. నాలుగోది, కష్టమైన లెక్క చేస్తూ తల ఊపండి. అయిదోది, ఉప్పునీటిలో తడిపిన గుడ్డ చుట్టిన గుమ్మడికాయకు పట్టీ కట్టి, బల్లను మెల్లగా తట్టండి. ప్రతి పరీక్షనూ పదిసార్లు చేసి, అంకెలు రాసుకుని, సగటు తీయండి. చూసేవారికి ఏ పరీక్ష నడుస్తోందో చెప్పకండి.

ఆ అమ్మాయిని, వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని నేను ప్రదర్శన చివరిరోజు ఆ బల్ల దగ్గరకు వెళ్ళాను. కళ్ళజోడుకు తాడు కట్టి, చెవుల వెనక బిగించి, అదే పాఠం మళ్ళీ చదివించాను. ఈసారి 58 వచ్చింది. ఆ తరవాత సంచిలోంచి గుమ్మడికాయ తీశాను. బల్లవారికి నచ్చలేదు కాని, చుట్టూ చేరిన పిల్లలు ఊరుకోలేదు. తడిగుడ్డ చుట్టి పట్టీ కట్టాం. ఒక పిల్లవాడు బల్ల కాలు తన్నినప్పుడల్లా తెర మీద అంకె ఎగిరిపడింది. ఒకసారి 44 దాకా వెళ్ళింది.

"అయితే నాకు 58 అనుకోవచ్చా మాస్టారూ?" అని ఆ అమ్మాయి ఆశగా అడిగింది. వద్దమ్మా అన్నాను. 31 అబద్ధమైతే 58 కూడా నమ్మదగ్గది కాదు. మనకు ఇష్టమైన అంకెను నమ్మి, ఇష్టం లేనిదాన్ని కొట్టేయడం సైన్సు కాదు. ఒక్కసారి చేసిన పరీక్ష ఏదీ రుజువు కాదు.

వాళ్ళ నాన్న రిపోర్టును మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఏ గ్రూపు తీసుకుంటావే?" అని కూతుర్ని అడిగాడు. ఆ పిల్ల సమాధానం చెప్పలేదు. గుమ్మడికాయ మీది బిళ్ళను వేలితో కొంచెం జరిపి, తెర మీద గీత ఎటు పోతుందో చూస్తోంది. పక్కన ఎవరో పిలుస్తున్నా వినిపించుకోలేదు. తలకు పట్టీ లేదు కాని, ఏకాగ్రత అంటే ఏమిటో ఆ నిమిషంలో అక్కడున్న అందరికీ కనిపించింది.